పడవ షాఫ్టులో ఔట్ వెతికిన ఏడు వారాలు

నవంబర్ 23

గుడివాడ అవతల అత్తగారి ఊరి నుంచి ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది. తడిసిన నా రిమోట్ పడవను అలాగే టీవీ స్టాండు పక్కన పెడితే ఇంట్లో ఆవిడ చూసిన చూపు గురించి ఇక్కడ రాయను.

చెరువులో మూడో రౌండు కొడుతుంటే గుర్రపుడెక్క వేళ్లు ప్రొపెల్లర్‌కి చుట్టుకున్నాయి. మోటారు ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. బావమరిది లారీ ట్యూబు వేసుకుని వెళ్లి లాక్కొచ్చాడు. వేళ్లన్నీ కోసేసి మళ్లీ వదిలితే పడవ వెళ్లింది కానీ దాని గొంతు మారినట్టనిపించింది. ఇదివరకు సన్నగా ఈల వేసేది, ఇప్పుడు లోపల పిండిమర ఆడుతున్నట్టు గుర్రుమంటోంది. మూత తీసి ఇత్తడి గొట్టం పట్టుకుంటే చెయ్యి నిలవలేదు.

పడవ వివరాలు ఒకసారి రాసి పెట్టుకుంటాను. 690 మి.మీ. ఫైబర్ మోనో, అంటే ఒకే అడుగున్న పడవ. 3660 బ్రష్‌లెస్ మోటారు, 2000 కేవీ (అంటే ఒక వోల్టుకి నిమిషానికి 2000 చుట్లు), నాలుగు సెల్లుల లైపో బ్యాటరీ, 14.8 వోల్టులు. 2000ని 14.8తో గుణిస్తే లోడు లేనప్పుడు నిమిషానికి 29,600 చుట్లు. నీళ్లలో 25,000 వేసుకుంటాను. మోటారుకి కాలెట్‌తో (బిగించే పట్టుతో) 4 మి.మీ. ఫ్లెక్స్ కేబుల్, అంటే వంగే తీగల షాఫ్టు. అది టెఫ్లాన్ లైనర్ (లోపలి జారుడు గొట్టం) దూర్చిన ఇత్తడి గొట్టంలోంచి చిన్న వంపు తిరిగి వెనక్కి పోతుంది. కేబుల్ చివర 6 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టబ్ (పొట్టి కడ్డీ ముక్క) అతికి ఉంది. ఆ స్టబ్ స్ట్రట్‌లోని (పడవ వెనక ఉండే ఊతంలోని) బుష్‌లో తిరుగుతుంది, దాని కొసన ప్రొపెల్లర్.

మా వాడు అడిగాడు, "నాన్నా, తాడులాంటిది ఎందుకు, గట్టి కడ్డీ పెట్టొచ్చుగా?" అని. గొట్టానికి వంపు ఉంది, కడ్డీ దూరదు, అది ఒక కారణం. ఇంకోటి కూడా ఉంది. 4 మి.మీ. ఉక్కు కడ్డీని 250 మి.మీ. దూరంలో రెండు చివర్ల మాత్రమే పట్టుకుని తిప్పితే, లెక్క ప్రకారం నిమిషానికి 7,500 చుట్ల దగ్గరే అది స్కిప్పింగ్ తాడులా పొట్ట ఉబ్బి ఊగడం మొదలెడుతుంది. మనం తిప్పేది దానికి మూడింతల పైన. కేబుల్ కూడా ఊగాలనే చూస్తుంది, కానీ పొడవునా లైనర్ దాన్ని పట్టుకుని ఉంటుంది.

నవంబర్ 24

కేబుల్ వెనక నుంచి లాగి తీశాను. గ్రీజు నల్లగా, ఇసక లేదు. డైనింగ్ టేబుల్ అద్దం మీద పెట్టి అరచేత్తో దొర్లించాను. టక్, టక్, టక్. చుట్టుకొకసారి. అతుకు దగ్గర ఒక వైపు కేబుల్ లేస్తోంది, ఇంకో వైపు దిగుతోంది. తిరిగేది తన మధ్యగీత మీద కాకుండా ఇలా పక్కకి ఊగడాన్నే ఔట్ అంటాం. దొరికింది దొంగ అనుకున్నాను. గుర్రపుడెక్క ఆపినప్పుడు కేబుల్ అక్కడ మెలిపడి వంగిపోయింది. అంతే.

చేత్తో సరిచేయబోయాను. ఫ్లెక్స్ కేబుల్ అంటే మధ్యలో ఒక తీగ, దానిమీద ఒక పొర సన్నతీగలు కుడికి చుట్టి, ఇంకో పొర ఎడమకి చుట్టి, అలా పొరలు పొరలుగా ఉంటుంది. వంచితే ఒప్పుకుంటుంది, వదిలితే మళ్లీ తన దారిన తను పోతుంది. అరగంట కుస్తీ తర్వాత కూడా టక్ టక్ అలాగే ఉంది. కొత్త ముక్క ఆర్డర్ పెట్టాను.

నవంబర్ 30

కొత్త కేబుల్ వచ్చింది. పాత స్టబ్‌లోంచి పాత కేబుల్ కరిగించి తీసి, అదే బోరులో (రంధ్రంలో) కొత్తది అతికాను. అతికే ముందు చూడాల్సింది ఒకటుంది, చుట్టు దిశ. రెండు చివర్లూ పట్టుకుని మోటారు తిరిగే వైపు మెలిపెడితే పైపొర బిగుసుకోవాలి. ఉబ్బి విడిపోతుంటే ఆ కేబుల్ మన పడవకి పనికిరాదు, ఎంత నిటారుగా ఉన్నా సరే. నాది బిగుసుకుంది.

పడవలో పెట్టి బకెట్టులో తిప్పాను. అదే పిండిమర.

డిసెంబర్ 1

నిద్ర పట్టక పాత వీడియోలు చూశాను. ఆగస్టులో, అంటే గుర్రపుడెక్కకి మూడు నెలల ముందు తీసిన వీడియోలో హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటే వెనకాల ఆ గుర్రు ఉంది. సన్నగా ఉంది, కానీ ఉంది. కొత్త లైనరూ, నిండు గ్రీజూ దాన్ని కప్పెట్టాయి. ఆ మొక్కని వారం రోజులు ఊరికే తిట్టుకున్నాను.

డిసెంబర్ 7

ఇవాళ అసలు పని మొదలైంది. లైనర్ బయటికి లాగి బ్లేడుతో నిలువునా చీల్చాను. అతుకుకి కాస్త ముందున్న భాగంలో టెఫ్లాన్ అరిగి ఉంది, అయితే ఒక పక్క కాదు, చుట్టూరా ఒకేలా. పాత కేబుల్‌ని కిటికీ వెలుగులో తిప్పి చూస్తే సరిగ్గా అదే చోట ఒక్క పక్క మాత్రమే మెరుగు పెట్టినట్టు మెరుస్తోంది.

దీని మీద చాలాసేపు కూర్చున్నాను. గొట్టం వంకరగా ఉంటేనో, స్ట్రట్ పక్కకి జరిగి ఉంటేనో రాపిడి ఎప్పుడూ గొట్టంలో ఒకే వైపు పడాలి. తిరిగేది కేబుల్ కాబట్టి దాని ఒళ్లంతా ఒకేలా అరగాలి. నా దగ్గర ఉన్నది దానికి తలకిందులు. కదలని లైనర్ చుట్టూరా అరిగింది, తిరిగే కేబుల్ ఒక పక్కే అరిగింది. అంటే తప్పు షాఫ్టుతో పాటు తిరుగుతోంది. గొట్టానికీ స్ట్రట్‌కీ దీంతో సంబంధం లేదు. కేబుల్ మార్చినా పోలేదు కాబట్టి కేబుల్‌కీ లేదు. ఇక మిగిలింది స్టబ్, దానిలో బోరు.

ఆ బోరు వేసింది నేనే. ఇంట్లో, చేతి డ్రిల్లుతో, వైస్‌లో పట్టించి, కంటి అంచనాతో. ఆ రోజు చాలా గర్వపడ్డాను కూడా.

మరి అద్దం మీద కేబుల్ వంగినట్టు ఎందుకు కనబడింది? స్టబ్ 6 మి.మీ., కేబుల్ 4 మి.మీ. అద్దం మీద పెడితే స్టబ్ పక్కన కేబుల్ ఒక మిల్లీమీటరు గాల్లో ఉంటుంది, ఆ తర్వాత బరువుకి దిగి అద్దాన్ని తాకుతుంది. పైగా రెండు లావుల వస్తువు తిన్నగా దొర్లదు. శనక్కాయల పొట్లం దొర్లించి చూడండి, గుండ్రంగా తిరుగుతుంది. నేను అరచేత్తో నొక్కి తిన్నగా తోశాను, అది ఎక్కడో ఒక చోట జారి టక్కుమంది. అందులో కొంత ఔటు, కొంత నా చెయ్యి. ఏది ఎంతో తెలిసే దారి లేదు.

డిసెంబర్ 8

అద్దం పరీక్షని పూర్తిగా కొట్టిపారేయను. పద్ధతి మార్చాను. స్టబ్ ఒక్కటే అద్దం మీద, అతుకు నుంచి కేబుల్ అంతా టేబుల్ అంచు బయట గాల్లో. ఇప్పుడు అద్దాన్ని తాకేది ఒకే లావు కాబట్టి తిన్నగా దొర్లుతుంది. గాల్లో ఉన్న కేబుల్ కొస చిన్న సున్నాలు చుడుతోంది. కేబుల్ బరువుకి కిందికి వాలుతుంది, అది మామూలే. ఆ వాలు ఎప్పుడూ కిందికే ఉంటుంది, స్టబ్ తిప్పినా మారదు. స్టబ్‌తో పాటు దిక్కు మార్చేదే ఔటు.

అద్దం చదునుగా ఉందో లేదో అని అనుమానం రాకుండా, పాత ప్రింటర్ విప్పినప్పుడు దాచుకున్న కడ్డీని ముందు దొర్లించి చూశాను. ఇంకు పెట్టె ఇటూ అటూ పరిగెత్తే కడ్డీ అది. కింద వెలుగు గీత కూడా కనబడలేదు. ప్రింటరు పాడైతే పారేయకండి.

డిసెంబర్ 14

డయల్ గేజ్ (సన్నని తేడాల్ని ముల్లుతో చూపే కొలత సాధనం), మాగ్నెట్ స్టాండు కలిపి పదిహేను వందల చిల్లర. గీతకి 0.01 మి.మీ. గుండ్రటి కడ్డీ కూర్చునే గుంటలున్న దిమ్మలు, వి-బ్లాకులు, మాత్రం కొనలేదు, వంటగది కట్టేటప్పుడు మిగిలిన గ్రానైటు ముక్క మీద రెండు అల్యూమినియం యాంగిల్ ముక్కలు గుంట పైకి ఉండేలా అతికించాను. గ్రానైటుకి మాగ్నెట్ పట్టదని స్టాండు పెట్టాక గుర్తొచ్చింది. కింద ఒక ఇనప పలక వేసి సరిపెట్టాను.

ముందు సులువైనది. స్టబ్ గుంటల్లో కూర్చోబెట్టి, ప్రొపెల్లర్ ఎక్కే కొస మీద గేజ్ మొన ఆనించి చుట్టు తిప్పాను. ముల్లు 0.02 కదిలింది. పాస్. ఇక్కడ 0.2 కదిలి ఉంటే కథ వేరు. ముల్లు చూపించేది రెండు వైపులా కలిపిన లెక్క, అసలు కేంద్రం జరిగింది అందులో సగం, 0.1. ప్రొపెల్లర్, డాగ్ (ప్రొపెల్లర్‌ని షాఫ్టుతో పాటు తిప్పే ముక్క), నట్టు కలిపి నా త్రాసులో 9 గ్రాములు. 25,000 చుట్ల దగ్గర ఆ 0.1 మి.మీ. జరుగుడికి 600 గ్రాములకి పైగా బరువు స్ట్రట్‌ని సెకనుకి నాలుగు వందల పైచిలుకు సార్లు దిక్కు మార్చి మార్చి లాగుతుంది. వెంట్రుక మందం తేడాకి అంత.

ఇప్పుడు కేబుల్. గేజ్ మామూలు గుండు మొన తీగల మధ్య పల్లాల్లో దిగుతూ లేస్తూ ముల్లు వణికింది. సన్నని ఇత్తడి గొట్టం ముక్క ఒకటి కేబుల్ మీదికి బిగుతుగా తొడిగి, దాని మీద ఆనించాను. వణుకు పోయింది. అతుకు నుంచి 10 మి.మీ. దూరంలో 0.14.

ఇంకా దూరం వెళ్తే ఇంకో చిక్కు. గేజ్ స్ప్రింగు వేసే ఒత్తిడికే కేబుల్ కిందికి వంగిపోతోంది. తాకకుండా కొలవాలి. గోడ మీద టార్చి నీడ పెద్దది చేసి చూద్దామనుకున్నాను, నీడ అంచు నాలుగు మిల్లీమీటర్లు మసకగా పడింది, పనికిరాలేదు. చివరికి కేబుల్ వెనకాలే గ్రాఫు కాగితం నిలబెట్టి, ఫోనుని స్టాండులో కదలకుండా బిగించి, పావు చుట్టుకొక ఫోటో తీసి, పెద్దవి చేసి గీతలు లెక్కపెట్టాను. 60 మి.మీ. దగ్గర 0.6 దాకా, 110 దగ్గర 1.1.

ఈ మూడు అంకెలూ వరసగా రాసి చూస్తే చెప్పాల్సిందంతా అవే చెప్పాయి. 0.14, 0.6, 1.1. కేబుల్ పక్కకి జరిగి అతికి ఉంటే ఎక్కడ కొలిచినా ఒకే అంకె రావాలి. ఇక్కడ దూరం పెరిగేకొద్దీ పెరుగుతోంది, వెనక్కి లెక్కేసుకుంటే అతుకు దగ్గర దాదాపు ఏమీ లేదు. అంటే బోరు నోరు మధ్యలోనే ఉంది, లోపలికి పోయేకొద్దీ వాలింది. పావు డిగ్రీ కంటే కొంచెం ఎక్కువ. నా చేతి డ్రిల్లు పావు డిగ్రీకి వచ్చిందంటే నిజానికి మెచ్చుకోవాలి. పడవ మెచ్చుకోలేదు.

డిసెంబర్ 20

ఆటోనగర్. మాకు తెలిసిన లేత్ బాబాయ్ దగ్గరికి. స్టబ్ చేతిలో పెట్టి, పావు డిగ్రీ, 0.14 అంటూ మొదలెట్టాను. ఆయన వినలేదు. కేబుల్‌ని వేళ్ల మధ్య ఒకసారి తిప్పి, కొస చూసి, "ఔట్ కొడతంది కదరా అబ్బాయ్" అన్నాడు. నాకు మూడు వారాలు, పదిహేను వందలు పట్టింది.

"డ్రిల్లు తిప్పి బోరేస్తే అది ఎటు మెత్తగా ఉంటే అటు పోద్ది. పని తిరగాల, డ్రిల్లు నిలబడాల" అన్నాడు.

8 మి.మీ. స్టెయిన్‌లెస్ రాడ్డు లేత్ చక్కులో (పనిని పట్టి తిప్పే పట్టులో) పట్టాడు. కొస చదును చేసి, సెంటర్ డ్రిల్లుతో గుంట పెట్టి, ఎదురుగా ఉండే టెయిల్‌స్టాకులోంచి 4.1 డ్రిల్లు 15 మి.మీ. లోతు పంపాడు, మూడుసార్లు బయటికి తీసి పొట్టు దులుపుతూ. తర్వాత ఆ బోరు నోట్లోనే తిరిగే సెంటర్ (కోసు మొన) ఆనించి, రాడ్డుని చక్కులోంచి తీయకుండా పైభాగం 6కి, ప్రొపెల్లర్ కొస 4కి కోసి, చివర్న విడగొట్టాడు. కిటుకంతా ఆ తీయకపోవడంలోనే ఉంది. మూడు దవడల చక్కులో రాడ్డు కొంచెం పక్కగా పట్టుకున్నా ఫర్వాలేదు, బోరూ పైభాగమూ ఒకే పట్టులో కోస్తే రెండిటికీ ఒకే కేంద్రం. మధ్యలో ఒక్కసారి విప్పి బిగించారో, ఆ పక్కతనం రెండిటి మధ్యా చేరుతుంది. కొసన ఎం4 మరలు డైతో వేసి ఇచ్చాడు.

మూడు చేయించాను. డబ్బులు ఎంతంటే, "పిల్లోడి బొమ్మకా? టీ ఇప్పించు" అన్నాడు. బొమ్మ నాదని చెప్పలేదు. బలవంతంగా రెండొందలు జేబులో పెట్టి వచ్చాను.

డిసెంబర్ 21

అతికే ముందే స్టబ్‌ని పరీక్షించాను. బోరులో 4 మి.మీ. డ్రిల్లు బిట్టుని తిరగేసి నున్నటి కాడ దూర్చి, కాగితం ముక్కతో వదులు లేకుండా చేసి, బయట 40 మి.మీ. దగ్గర గేజ్ పెట్టాను. 0.03. ఇదే పని పాత స్టబ్‌కి ఆగస్టులో చేసి ఉంటే ఈ డైరీ ఉండేది కాదు.

డిసెంబర్ 25

సెలవు. టంకం రోజు. మొదటిది పోగొట్టాను.

తప్పు నాదే. గట్టిగా ఉంటుందని వెండి బ్రేజింగ్ కడ్డీ, గ్యాస్ టార్చి పట్టుకున్నాను. అది కరగడానికి ఆరు వందల డిగ్రీలు దాటాలి. కేబుల్ స్ప్రింగు తీగ, ఆ వేడికి దాని పదును పోతుంది. అతుకు అద్భుతంగా వచ్చింది. చల్లారాక అతుకు పక్కన కేబుల్‌ని వంచితే వంచినట్టే ఉండిపోయింది, సైకిల్ ట్యూబులా మెత్తగా. నీళ్లలో వారం బతకదు అది. కోసేసి చెత్తబుట్టలో వేశాను.

రెండోది తగరం-వెండి టంకంతో. వెండి నాలుగు శాతం లోపే, 221 డిగ్రీల దగ్గర కరుగుతుంది, స్ప్రింగు పదును అలాగే ఉంటుంది. స్టెయిన్‌లెస్‌కి మామూలు రెసిన్ ఫ్లక్సు పట్టదు. ఆటోనగర్‌లో రేడియేటర్లు అతికేవాళ్లు యాసిడ్‌లో జింకు ముక్కలు వేసి చేసుకునే ద్రావకం చిన్న సీసాలో తెచ్చుకున్నాను. కేబుల్ కొసని థిన్నర్‌లో నానబెట్టి గ్రీజు వదలగొట్టాను. తీగల మధ్య కొంచెం గ్రీజు ఉన్నా టంకం ముత్యాల్లా దొర్లిపోతుంది.

నిటారుగా అతకడానికి అదే అల్యూమినియం యాంగిల్ గుంట వాడాను. 6 స్టబ్‌నీ 4 కేబుల్‌నీ ఒకే గుంటలో పెడితే కేబుల్ కిందికి కూర్చుంటుంది కాబట్టి, లోపల 4, బయట 6 ఉన్న ఇత్తడి గొట్టం ముక్క కేబుల్‌కి తొడిగి గుంటలో పడుకోబెట్టాను. ఇప్పుడు రెండూ 6, గుంటే రెండిటినీ ఒకే వరసలో పెడుతుంది. అల్యూమినియం వేడి లాగేసుకోకుండా అతుకు కింద యాంగిల్‌లో కిటికీలా కోశాను. టంకం తీగల మధ్య పైకి పాకితే అంత మేరా కేబుల్ కడ్డీలా బిగుసుకుని, ఆ బిగుతు ఆగే చోట విరుగుతుంది. అందుకని అతుకు దాటాక పెన్సిలుతో నల్లగా గీసి పెట్టాను. మంట స్టబ్ మీదే చూపించాను, కేబుల్ మీద కాదు.

చల్లారాక వంటసోడా నీళ్లలో కడిగాను. యాసిడు మిగిలితే తీగలు లోపల్నుంచి తుప్పు పడతాయి. ఆరబెట్టి నూనె. వంటసోడా డబ్బా ఖాళీ అయిందని సాయంత్రం బజ్జీలప్పుడు బయటపడింది.

డిసెంబర్ 26

అతుకు నుంచి 10 మి.మీ. దగ్గర 0.03. 60 దగ్గర, 110 దగ్గర ఫోటోల్లో తేడా గ్రాఫు గీత మందంలో కలిసిపోయింది.

జనవరి 4

కొత్త లైనర్ దూర్చి పడవలో కూర్చోబెట్టాను. స్టబ్‌కి స్కెచ్ పెన్ను రాసి, బుష్‌లో చేత్తో పది చుట్లు తిప్పి బయటికి లాగి చూశాను. ముందు కొసన మాత్రం ఇంకు చుట్టూరా చెరిగింది, వెనకాల అలాగే ఉంది. ఇప్పుడిది గొట్టం తప్పు, ఎందుకంటే చెరిగింది తిరిగే దాని చుట్టూ. గొట్టం చివర స్టబ్‌ని కొంచెం కిందికి నొక్కుతోంది. గొట్టం చివరి నలభై మిల్లీమీటర్లు వెచ్చబెట్టి వేలితో సరిచేశాను. స్టబ్ తన బరువుకే బుష్‌లోకి జారేదాకా.

డాగ్‌కీ స్ట్రట్‌కీ మధ్య 4 మి.మీ. సందు ఉంచాను. లోడు పడగానే కేబుల్ మెలి బిగిసి పొట్టిదవుతుంది. సందు లేకపోతే డాగ్ వచ్చి స్ట్రట్‌ని రాస్తుంది.

బకెట్టులో సగం థ్రాటిల్, పదిహేను సెకన్లు, ప్రొపెల్లర్ తీసేసి. పాత స్టబ్‌తో 6.8 ఆంపియర్లు రాసిపెట్టుకున్నాను. ఇప్పుడు 4.1. మోటారు ఒక్కటే తిరిగితే 2.9. పిండిమర లేదు. ఈల ఉంది.

జనవరి 15

కనుమ. చెరువు గట్టు మీద పిల్లలు, కోడిపందేలకి వెళ్లని ఇద్దరు పెద్దాళ్లు. గుర్రపుడెక్క ఉన్న మూలకి బావమరిది వెదురు అడ్డం కట్టాడు. "బావా, ఈసారి నేను ఈదను" అన్నాడు.

ఆరు రౌండ్లు. ఒడ్డుకి తెచ్చి మూత తీసి గొట్టం పట్టుకున్నాను, గోరువెచ్చగా ఉంది. కేబుల్ లాగి తుడిచి వెలుగులో తిప్పి చూశాను. అతుకు దగ్గర మెరుపు మచ్చ లేదు. ఇంకొంచెం ముందు, గొట్టం వంపు దగ్గర, చుట్టూరా సన్నగా మెరుస్తోంది. వంపు కొంచెం బిగుతుగా ఉన్నట్టుంది. వచ్చే లైనర్ మార్చినప్పుడు చూస్తాను.

కేబుల్‌ని చుట్ట చుట్టి డబ్బాలో పెట్టడం మానేశాను, ఆ వంపు దానికి అలవాటైపోతుంది. గ్రీజు తుడిచి, పాతగుడ్డ చుట్టి, పెరటి గోడ మేకుకి నిలువుగా వేలాడదీస్తున్నాను. మూడో స్టబ్ ఇంకా ఖాళీగా ఉంది, దానికి ఈ ఆదివారం కేబుల్ అతకాలి. వంటసోడా నాదే కొనుక్కున్నాను.